బాలుర నేరప్రవృత్తి: కారణములు, నివారణము

 

ఈ మహాసభయందు మేము ప్రసంగింపవలసిన విషయము బాలుర నేరప్రవృత్తి. దీనిని విచారించుటకు స్టూవర్టుపురముకంటె దగిన యూరు లేదు. ఏలయన, బిడ్డ పుట్టకమునుపే వానికి నేరస్థుడను పేరు సిద్ధపఱుపబడిన యూరిది.

ఎఱుకలవారమగు మన పూర్వులు ఎద్దులపైని, గాడిదలపైని ఉప్పును, ధాన్యమును మోసి యమ్మిరి, బుట్టలల్లిరి, ఎఱుక చెప్పిరి. ఉప్పుపై ప్రభుత్వపు పట్టు బిగిసి, రైళ్లు వచ్చిన పిదప నా వర్తకము చెడినది. బ్రతుకుతెరువు పోయెను, ఊరూర దిరుగుటవలన ననుమానము మిగిలెను. 1871వ సంవత్సరపు నేరస్థ జాతుల చట్టము 1911లో మార్పు చెంది మదరాసు రాజధానికిని వర్తించెను. 1913లో బాపట్ల చెంత సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున నీ సెటిల్మెంటు వెలసి, హెరాల్డు స్టూవర్టుదొర పేర బరగెను. హాజరుపట్టీయు, బయటికి బోవుటకు అనుమతిచీటియు నిత్యకృత్యములయ్యెను. తల్లిదండ్రులనుండి బిడ్డలను వేఱుచేసి పాఠశాలలయందుంచు నధికారమును గూడ నా చట్టము ప్రభుత్వమున కొసగెను. సెటిల్మెంటువలన బడియు, భూమియు గలిగినమాట నిజమే. కాని తల్లి యొడియే చెడునకు మూలమని యెంచిన శాసనము బిడ్డకు నేర్పిన మొదటి పాఠమేమి?

నేరము రక్తమున లేదు. తండ్రి కారాగృహముననుండగా, తల్లి కూలికి బోగా, బడి మానిన బిడ్డను చేరదీయువాడు దుర్మార్గుడైనచో నేరము మొలచును. అందులకు చెడ్డపేరు ఎరువగును. తరగతిలో నొకని కలము పోయినదనుకొనుడు. మొదట మన బిడ్డ సంచియే వెదకబడును. కలము దొరకకున్నను సంశయము పోదు. చేయని తప్పునకు దలవంచిన బిడ్డ, చేసినను ఇంతకంటె నేమగునని తలపడా?

ఆ చట్టము 1947లో మదరాసు రాష్ట్రమునను, 1952లో దేశమంతటను రద్దయ్యెను. 1970 తరువాతి దశకమున శ్రీమతి హేమలతా లవణముగారు, శ్రీ లవణముగారు ఇచ్చట సంస్కరణకై శ్రమించిరి. అయినను 1991లో నీ యూరిపేరు చలనచిత్రమునకు బేరయ్యెను. చట్టము పోయినను పేరు పోలేదు.

నేటి చట్టము వేఱు. 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని బిడ్డను లాకప్పునందుగాని, జైలునందుగాని యుంచరాదు. ప్రయాణకాలము గాక 24 గంటలలో జువెనైల్ జస్టిస్ బోర్డు ఎదుట నిలుపవలెను. బిడ్డను నిందాపదములతో బేర్కొనరాదు, పేరు పత్రికలకెక్కరాదు. పిల్లలచే నేరము చేయించు పెద్దలకు ఏడేండ్లవఱకు కఠినశిక్షయు, 5 లక్షల రూపాయల జరిమానాయు విధింపవచ్చును.

ఈ కడపటి మాట మనకు గట్టిగా వినబడవలెను. చిన్నచేతులతో దొంగసొమ్ము మోయించువాడు మన చుట్టమైనను మనము దాచరాదు. ఇన్నాళ్లు మనలను వేఱొకరు నిందించిరి; మన బిడ్డను మనవాడే చెఱచినచో నిందింప నెవరున్నారు?

కావున మూడు పనులు కోరుచున్నాము. బడి మానిన బిడ్డ యింటికి ఆ వారముననే సంఘసభ్యులు పోవలెను. తండ్రి జైలునందున్న యింటికి కులమంతయు బాసటయై నిలువవలెను. తప్పుచేసిన బిడ్డను, కోపముననైనను, దొంగయని పిలువరాదు. సభవారు వీనిని తీర్మానరూపమున నంగీకరింతురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.