కళ్ళెము ఏమైనది?



రక్తములోని తెల్లకణములు రోగక్రిములతో పోరాడి మనలను కాపాడునని అందరికిని తెలిసినదే. అయితే గుర్రమునకు వేగమెంత అవసరమో, కళ్ళెమును అంతే అవసరము. కళ్ళెము తప్పిన తెల్లకణములు క్రిములతో ఆగక, తమను పోషించు శరీరముపైననే తిరుగబడును.

అట్టి కళ్ళెములలో ముఖ్యమైనది సి.టి.ఎల్.ఏ.-4 అను ప్రోటీను. ఇది టి కణములనెడి తెల్లకణముల ఉపరితలమున గ్రాహకమై నిలుచును. ఇతర కణములపైనుండు ఉత్తేజక ప్రోటీనులను తానే పట్టుకొని, ఉద్రేకము మితిమీరకుండ చూచును. వింత యేమనగా, ఇది ఉపరితలమున నిలుచునది స్వల్పకాలమే. అధికభాగము కణము లోపలి సూక్ష్మమైన తిత్తులలో తిరుగుచుండును. అచటినుండి దానికి రెండు దారులు. ఒకటి మరల పైకి, రెండవది లైసోజోమునకు. 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ పేరిడిన ఈ లైసోజోము, కణములోని పాతసామగ్రిని జీర్ణము చేయు సంచి.

ఈ కూడలిలో ఎల్.ఆర్.బి.ఏ. అను మరియొక ప్రోటీను కావలియుండి, సి.టి.ఎల్.ఏ.-4 తోకను పట్టి, లైసోజోమునకు పోనీయక కాపాడును.

ఈ కావలి పుట్టుకతోనే లోపించిన రోగులను గూర్చి 2012లో వైద్యలోకమునకు తెలిసినది. తగ్గని విరేచనములు, ఊపిరితిత్తుల వ్యాధి, తమ రక్తకణములను తామే నశింపజేసికొనుట వారి బాధలు. వారి కణములలో కళ్ళెము తయారగుచునే యున్నది. కాని నిలుచుట లేదు. తోమి మరల వాడుకొనవలసిన ఇత్తడి చెంబును కరగించుటకు పంపినట్లు, అది లైసోజోము పాలగుచున్నది.

ఈ సంగతిని 2015లో అమెరికా పరిశోధకులు వెల్లడించిరి. కీళ్ళవాతమునకు వాడు అబాటసెప్ట్ అను మందులో సి.టి.ఎల్.ఏ.-4 బాహ్యభాగమే ఇమిడియున్నది. దానిని ఇచ్చినంతట రోగులకు మేలు కలిగినది. మనమెరిగిన మలేరియా మందు క్లోరోక్విన్ సైతము, లైసోజోము పనిని మందగింపజేసి, ప్రయోగశాలలో రోగుల కణములందు ఈ ప్రోటీనును పెంచినది. అయితే ఈ మందులు జన్యులోపమును తొలగింపజాలవు. కొందరికి ఎముకమజ్జ మార్పిడి అవసరమగును.

తల్లిదండ్రులిరువురి నుండియు లోపము సంక్రమించిననే ఈ వ్యాధి కలుగును. దగ్గరి రక్తసంబంధము గల దంపతులిరువురియందును ఒకే లోపముండు అవకాశము హెచ్చు. మేనరికములు వాడుకగా నున్న మనము దీనిని గుర్తుంచుకొనవలెను. బిడ్డకు ఇట్టి బాధలు మాటిమాటికి వచ్చుచున్నచో, కుటుంబ సంబంధములను వైద్యునకు దాచక తెలుపుట మేలు. రోగకారణము తెలిసిననాడే తగిన మందును ఎన్నుకొనుట సాధ్యమగును.