ముల్లు చెప్పే మాట

 

ఎండాకాలంలో లారీ క్యాబిన్ అంటే పొయ్యి పక్కన కూర్చున్నట్టే. పైన ఎండ. కింద ఇంజను. తడి తువ్వాలు మెడకు చుట్టుకుని డ్రైవర్లు ఎన్నో ఏళ్లు బండ్లు తోలారు. ఇప్పుడు కొంత మార్పు వచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి మన దేశంలో తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలని కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. లోడుతో కలిపి మూడున్నర టన్నులు దాటే సరుకు బండ్లకు ఇది వర్తిస్తుంది.

ఏసీతో పాటు ఒక భయం కూడా వచ్చింది. "ఏసీ వేస్తే ఇంజను కాగిపోతుంది, హెడ్డు పోతుంది" అంటారు కొందరు. కొందరు ఓనర్లు ఏసీ వెయ్యనివ్వరు. కొందరు డ్రైవర్లు మీటరు వైపు చూడకుండానే ఏసీ వేసి తోలుతారు. రెండూ పొరపాటే.

ఇంజనుకు వేడి ఎక్కడిది? డీజిలు కాలితే వేడి పుడుతుంది. అందులో సగం కూడా లారీని నడపడానికి పనికిరాదు. కొంత వేడి పొగ గొట్టంలో పోతుంది. కొంత వేడిని ఇంజను చుట్టూ తిరిగే నీళ్లు తీసుకుంటాయి. ఆ నీళ్లు రేడియేటరులోకి వస్తాయి. ఫ్యాను లాగే గాలి వాటిని చల్లారుస్తుంది.

మరి ఏసీ చేసే పనేమిటి? రెండు పనులు. ఒకటి, బెల్టు ద్వారా ఇంజను బలం కొంచెం తీసుకుంటుంది. 200 హార్స్ పవర్ ఇంజనులో అది నాలుగైదు హార్స్ పవర్ ఉంటుంది. అంతే. రెండోది ముఖ్యం. చాలా లారీల్లో రేడియేటరు ముందు ఏసీ జాలి ఉంటుంది. దాన్ని కండెన్సర్ అంటారు. క్యాబిన్‌లోని వేడి అక్కడ బయటికి వస్తుంది. అంటే రేడియేటరుకు తగిలే గాలి ముందే వేడెక్కి వస్తుంది. అందుకే ఏసీ వేస్తే మీటరులో ముల్లు కొద్దిగా కదలవచ్చు. కదిలి ఒకచోట నిలబడితే భయం లేదు. ఆగకుండా పైకి పోతుంటేనే ప్రమాదం.

ఒక డ్రైవరు ఉన్నాడనుకుందాం. బేతంచర్లలో నాపరాళ్ల లోడు ఎత్తాడు. నంద్యాల దాటి గిద్దలూరు వైపు నల్లమల ఘాటు ఎక్కుతున్నాడు. మే నెల. మిట్టమధ్యాహ్నం. వెనక నుంచి గాలి. ఏసీ నడుస్తోంది.

"గురువుగారూ, ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోంది!" అన్నాడు క్లీనరు కుర్రాడు.

డ్రైవరు ముందు ఏసీ ఆపాడు. ఒక గేరు తగ్గించాడు. గేరు తగ్గితే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. ఫ్యాను, నీళ్ల పంపు జోరుగా తిరుగుతాయి. అయినా ముల్లు దిగలేదు. వెడల్పు చోటు చూసి బండి పక్కకు తీశాడు. చక్రాల కింద రాళ్లు పెట్టించాడు. ఇంజను వెంటనే ఆపలేదు. గేరు తీసి రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చాడు. ముల్లు మెల్లగా దిగింది. అప్పుడు ఆపాడు. ఆవిరి చిమ్మినా, ముల్లు దిగకపోయినా వెంటనే ఆపేసేవాడు.

కుర్రాడు గుడ్డ పట్టుకుని రేడియేటరు మూత మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"ఆగరా! అది కుక్కరు లాంటిది. ఇప్పుడు తీశావంటే మొహం కాలిపోతుంది!" అని డ్రైవరు కేక వేశాడు.

నిజమే. మూత బిగించి ఉంటే లోపల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఒక్కసారిగా పైకి చిమ్ముతాయి. ఎందరో అలా కాలిపోయారు. అందుకే వాళ్లు చెట్టు నీడన కూర్చున్నారు. గంట పోయింది. పోతే పోయింది, కళ్లు దక్కాయి. బాగా చల్లారాక మూత తీసి, తగ్గిన కూలెంటు మెల్లగా పోశారు. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది.

ఏసీ ఆపి, మెల్లగా తోలుకుంటూ గిద్దలూరు చేరారు. మేస్త్రీ చూశాడు. రేడియేటరుకు, ఏసీ జాలికి మధ్య దుమ్ము, గడ్డిపరకలు, పురుగులు పేరుకుపోయాయి. ఫ్యాను బెల్టు వదులయింది.

"తప్పు ఏసీది కాదన్నా. ఇంజనుకు గాలి ఆడటం లేదు. ఏసీ వేశావు కాబట్టి బయటపడింది," అన్నాడు మేస్త్రీ.

అక్కడే ఉంది అసలు సంగతి. బాగున్న ఇంజను ఏసీని మోస్తుంది. మోయలేకపోతే ఎక్కడో లోపం ఉంది. దాన్ని వెతకాలి.

పొద్దున్నే బండి తీసే ముందు కూలెంటు చూడాలి. బెల్టు చూడాలి. జాలి మధ్య దుమ్ము పట్టకుండా ఇంజను చల్లగా ఉన్నప్పుడు కడగాలి. నీళ్లు జోరుగా కొడితే రేకులు వంగిపోతాయి. ఉత్త నీళ్లు పోస్తే లోపల తుప్పు, గార పడతాయి. కూలెంటు విషం. పిల్లలకు, పశువులకు అందకూడదు.

మీటరులో ఒక చివర 'సి', ఇంకో చివర 'హెచ్' అని ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. సి అంటే చలవ. హెచ్ అంటే వేడి. అంకెలున్న మీటరులో చాలా బండ్లకు 80 నుంచి 95 డిగ్రీల వరకు మామూలు. మీ బండికి ఎంతో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఒక హెచ్చరిక. కూలెంటు మొత్తం కారిపోతే ముల్లు తప్పు చూపవచ్చు. కాగిన బండిలో ముల్లు ఒక్కసారిగా పడిపోతే సంతోషించకండి. బండి ఆపి చూడండి.

అక్షరాలు నేర్చిన కళ్లు ఇవి. ఊరి పేర్లు చదువుతున్నాయి. ముల్లు చెప్పే మాట కూడా చదవాలి. అప్పుడు డ్రైవరుకు చల్లదనం, బండికి క్షేమం, ఇంటికి నిశ్చింత.

చర్చించండి:
1. ఏసీ వేసినప్పుడు ముల్లు ఎందుకు కదులుతుంది?
2. కాగిన రేడియేటరు మూత ఎందుకు తీయకూడదు?
3. మీ ఊరి లారీల్లో ఏసీ వెయ్యనిస్తున్నారా? లేకపోతే ఎందుకు?