పొగలేని పొయ్యి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు పొయ్యిని గూర్చి ప్రసంగమేమని కొందరికి నవ్వు రావచ్చును. కవులను గూర్చి, కావ్యములను గూర్చి మాటలాడుటకు ఏర్పడిన వేదిక ఇది. కాని కావ్యము చదువువాని కడుపు నింపునది పొయ్యియే గదా! ఆ పొయ్యి ముందు ముప్పది నలువది యేండ్లు కూర్చుండి కన్నీరు కార్చిన తల్లి ఈ మెట్లెక్కి ఒక భారతమో భాగవతమో అడిగి తీసికొనిపోయినచో, దానిని చదువుకొనుటకు ఆమెకు చూపు మిగిలియుండవలెను. కనుక ఈ విషయము గ్రంథాలయమునకు వెలియైనది కాదు.

తర్కశాస్త్రము చదివినవారికి పొగయు నిప్పును చిరపరిచితములు. కొండమీద పొగ కనబడినది గనుక అచట నిప్పు కలదని ఊహించుట ఆ శాస్త్రమునకు ఓనమాలు. దానికి వారు చూపు దృష్టాంతమేది? మహానసము, అనగా వంటయిల్లు. పొగకు వంటయింటిని మించిన ఉదాహరణము వారికి దొరకలేదన్నమాట. అయితే ఆ తార్కికులే మరియొక మాట సెలవిచ్చిరి. పొగ ఉన్నచోట నిప్పుండును గాని, నిప్పు ఉన్నచోటనెల్ల పొగ ఉండి తీరవలెనను నియమము లేదు. ఎఱ్ఱగా కాలిన ఇనుప ముద్దయందు నిప్పు కలదు, పొగ లేదు. మరి పొగ దేనివలన? ఆర్ద్రేంధన సంయోగము వలన, అనగా తడి కట్టె తగులుట వలన. తర్కసంగ్రహకర్తయగు అన్నంభట్టు ఆంధ్రుడని ప్రతీతి. ఆ చిన్న పుస్తకమును వల్లించిన పండితులు ఎందరో కలరు. వారిలో ఒక్కరైనను ఇంటికిపోయి, ‘కట్టెలు ఎండినవియేనా?’ అని అడిగిన జాడ కానరాదు.

రాజులు మాత్రము అడిగిరి. ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించుచు శ్రీకృష్ణదేవరాయలు మేఘములతోను మెఱుపులతోను తనివి నొందక, ముసురు దినములలో నిప్పునకై ఇల్లిల్లు తిరుగు ఇల్లాలి పాట్లను, వంటకు ఆమె పడు శ్రమను చూచి వ్రాసెను. సామ్రాజ్యమేలిన ప్రభువు వంటయింటి గడపలోనికి తొంగిచూచుట మన సాహిత్యమున అరుదైన సంగతి.

ఆ రాయల పేరిట 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసినది. దానికి దన్నుగా నిలిచినవారు మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు, వారి దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టుటకు కారకులును వీరే. చరిత్ర, ప్రకృతిశాస్త్రము మున్నగు విషయములు తెలుగున సామాన్యునకు అందవలెనని వారి తపన. పొయ్యియందు గాలి యెట్లు ప్రవేశించును, పొగ యెట్లు వెడలును అనునదియు అట్టి విజ్ఞానములోనిదే గనుక, ఈ మునగాల గడ్డమీద దానిని చెప్పుకొనుట ఆ పెద్దల బాటకు తగియే యున్నది.

పొగలేని పొయ్యి నిన్నమొన్నటిది కాదు. వార్ధాలోని మగన్‌వాడీయందు గ్రామపరిశ్రమల వారు రూపొందించిన మగన్ చూలా 1947 నాటిది. మన చెంతనే, హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయపు అధిపతి డాక్టర్ ఎస్. పి. రాజుగారు మట్టితో కట్టదగిన పొగగొట్టపు పొయ్యిని సిద్ధపరచి, 1953లో దానిని గూర్చి ఆంగ్లమున ఒక చిన్న పుస్తకము వెలువరించిరి. పొగ, మసి, వేడి, కట్టె దుబారా, అగ్నిభయము, ఈ అయిదింటినుండి ఇల్లాలికి విడుదల కలుగవలెనని వారి ఆశయము. ఆనకట్టలు, వంతెనలు కట్టు విద్యలో ఆరితేరిన ఇంజనీరు వంటయింటిలో మోకరిల్లి పొయ్యిని కొలుచుట సామాన్యమైన సంగతి కాదు.

అప్పటికి మునగాల పరగణా హైదరాబాదు రాష్ట్రములోనిది కాదు. చుట్టును నైజాము సీమయే యున్నను, ఇది కృష్ణాజిల్లాకు చెందిన తునుక. రాజుగారి పుస్తకము వెలువడిన 1953లోనే ఆంధ్రరాష్ట్రము ఏర్పడి ఈ తునుక అందు చేరినది. 1956లో రెండు రాష్ట్రములు ఒకటైన పిమ్మట, 1959లో ఇది నల్లగొండ జిల్లాలో కలిసినది. ఎల్లలు ఇన్ని విధముల మారినను పొయ్యి మాత్రము మారలేదు. మూడు గడ్డలు, ఒక కుండ, నడుమ కట్టె, అంతే.

అంతే యనుట కొంత అన్యాయము. మన ఇల్లాండ్రు తెలివిలేక ఊరకుండిరని తలపరాదు. కొడిపొయ్యి యనునది ఎవరు కనిపెట్టిరి? ఏ పరిశోధనాలయము? పెద్దపొయ్యి ప్రక్కన చిన్న సందు విడిచి, అటు మళ్ళిన సెగతో పప్పు మగ్గించుట, పాలు కాచుట తరతరాలుగా మన యిండ్లలో ఉన్నదే. ఒక మంటతో రెండు పాత్రలు కాచుట యను సూత్రము అందులోనే యున్నది. రాజుగారి పొయ్యికిని, తరువాత 1980 దశకమున బెంగుళూరు విజ్ఞానసంస్థ వారు తీర్చిన అస్త్ర ఒలెకును, మన కొడిపొయ్యికిని మూలసూత్రము ఒక్కటియే. కొడిపొయ్యికి కొరతయైనది పొగ పోవు దారి.

1983లో భారత ప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమమును చేపట్టినది. 2002లో దానిని విరమించునాటికి దేశమున మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినట్లు లెక్కలు చూపినవి. కాగితముమీద లెక్క కుదిరినంత మాత్రమున నేలమీద కుదిరినట్లు కాదని లెక్కలు వ్రాయువారికి వేరుగా చెప్పనక్కరలేదు. పెట్టిన పొయ్యిలలో చాల భాగము కొలది యేండ్లకే పగిలిపోయినవి, లేదా ఇల్లాండ్రే పగులగొట్టిరి. ఎందుకు?

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము పొయ్యి ముందు కూర్చుండువారినే అడుగవలెను. జొన్నరొట్టెకు పెనము క్రింద పరచుకొను మంట కావలెను. తీసిన రొట్టెను నిప్పుల ప్రక్క నిలిపి పొంగించవలెను. నోరు చిన్నదైన పొయ్యిలో ఆ పని సాగదు. గటక కలుపునపుడు తెడ్డుతో బలముగా త్రిప్పినచో కుండ కదలి మట్టి అంచులు రాలును. ఒక గిన్నె కొలతకు చేసిన బొక్కమీద మరియొక చిన్నగిన్నె పెట్టినచో సందులలోనుండి పొగ ఇంటిలోనికే వచ్చును. లావైన మొద్దు దూరదు. దానిని చీల్చుటకు గొడ్డలి పట్టు మగవానికి తీరిక ఉండదు. మరియు పొగకు కొన్ని ఉపయోగములును కలవు. పూరికప్పు చెదలు పట్టకుండుటకు, పొయ్యిపైన వ్రేలాడగట్టిన విత్తనపు కంకులు పురుగు పట్టకుండుటకు, దోమలు పోవుటకు ఆ పొగయే ఆధారము. వీనిలో ఏదియు విచారింపక, కట్టించి పోయినవారు కట్టించి పోయిరి. వాడవలసిన వారిని అడిగినవారు తక్కువ.

ఇంకొక చిక్కు కలదు. పొగ పోవుట వేరు, కట్టె మిగులుట వేరు. ఈ రెండింటిని ఒకటిగా భావించుట వలననే పెక్కు ఆశాభంగములు కలిగినవి. పొగగొట్టము మంచిదైనకొలది గాలిని ఎక్కువగా లాగును. ఆ గాలితోపాటు సెగయు గొట్టమునుండి ఆకాశమునకు పోవును. అందువలన ఇల్లు శుభ్రముగా ఉండియు కట్టె మునుపటికంటె అధికముగా తగులబడిన పొయ్యిలు కలవు. గొట్టపు మొదటిలో ఒక రేకు పలకను అడ్డుపెట్టి, మంట అంటుకొన్న పిదప దానిని సగము మూయుటయే దీనికి ఉపాయము.

ఇంత శ్రమ దేనికి? సభవారు ఒక్క సంఖ్యను వినవలెను. ఇంటి వంటపొగ వలన 2020లో లోకమునందు 32 లక్షలమంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అయిదేండ్లలోపు పసివారు 2 లక్షల 37 వేలకు పైబడియున్నారు. తల్లి చంకనుండి పొయ్యి ప్రక్కనే పెరుగు బిడ్డకు ఊపిరితిత్తుల వాపు. తల్లికి ఆయాసము, కంటిపొర. ‘వయసు మీరినది, దగ్గు వచ్చినది’ అని మనము త్రోసివేయు దగ్గు అనేకసార్లు వయసుది కాదు, పొయ్యిది. పొగ త్రాగని స్త్రీకి పొగ త్రాగువాని జబ్బు వచ్చుచున్నది.

నేడు చాల యిండ్లలో గ్యాసు ఉన్నది. 1999లో మొదలైన దీపము పథకము, 2016లో మొదలైన ఉజ్జ్వల పథకము బండలను పల్లెకు తెచ్చినవి. అది మేలు. చేయగలిగినవారు వంటనంతయు దానిమీదనే చేయుట శ్రేష్ఠము. కాని బండ ఖాళీయైన దినమున, కాగులో నీళ్ళు కాచుకొనునపుడు, రొట్టెలకు, పశువుల కుడితికి, పెండ్లినాటి గాడిపొయ్యికి కట్టెయే దిక్కు. గ్యాసు ఉన్నదన్న ధైర్యముతో పెరటిలోని కట్టెలపొయ్యిని ఎవరును పట్టించుకొనుట లేదు. పట్టింపు లేనిచోటనే పొగ ఎక్కువ.

ఇక కట్టు విధానము. మొదట స్థలము. తలుపునుండి వీచు గాలి సూటిగా పొయ్యి నోటికి తగులరాదు. గొట్టము పోవుటకు గోడ ప్రక్కన ఉండవలెను. మట్టికి పుట్టమన్ను మేలు. చెరువుమట్టియైనచో ఇసుక కలుపనిదే పగులును. ఊకయు పేడయు చేర్చి, త్రొక్కి, రెండు మూడు దినములు నాననిచ్చి మరల త్రొక్కవలెను. గిన్నె అడుగునకు పొయ్యి నేలకు నడుమ ఎడము జానెడుకు మించనీయరాదు. మించినచో మంట గిన్నెకు అందదు. మొదటి బొక్కనుండి రెండవదానికి సొరంగము వంటి దారి; రెండవ గిన్నె క్రింద మట్టితో చిన్న దిబ్బ పోసినచో సెగ పైకి లేచి గిన్నెను తాకును. ఈ దిబ్బను మరచినవారి రెండవ గిన్నె ఎన్నటికిని కాగదు. బొక్కల అంచులను ఇంటిలో వాడు గిన్నెలనే పెట్టి, త్రిప్పి, వానికి సరిపడునట్లు తీర్చవలెను. మేస్త్రీ తెచ్చిన గిన్నెతో కాదు.

గొట్టము మూడు నాలుగు అంగుళముల వెడల్పుండి, ఇంటికప్పునకు పైన కనీసము రెండడుగులు లేచియుండవలెను. వెనుకటి దినములలో సిమెంటు రేకుల గొట్టములు వాడిరి. అందులోని రాతినార ఊపిరితిత్తులకు హానియని తెలిసినది గనుక, కుమ్మరి కాల్చిన మట్టిగొట్టములే నయము. పూరికప్పు అయినచో గొట్టము చుట్టు మూరెడు మేర గడ్డిని తొలగించి, రేకు తొడిగి, మట్టి మెత్తవలెను. ఇందులో ఏమరుపాటు ఇంటికే చేటు. కట్టిన పొయ్యిని పది పదునైదు దినములు నీడన ఆరనిచ్చి, పిదప చిన్న మంటతో ఆరంభింపవలెను. పండుగ వచ్చినదని తడిపొయ్యిలో పెద్దమంట వేసినవారు పండుగ కాగానే మరల మట్టి త్రొక్కుకొనవలసినదే.

కట్టె మాటకు వచ్చినచో మరల తార్కికులే శరణ్యము. అప్పుడే నరికిన కట్టెలో ఇంచుమించు సగము నీరే. పది కిలోల పచ్చికట్టెలో అయిదు కిలోలు నీరనుకొన్నచో, ఆ నీటిని ఆవిరి చేయుటకే, మిగిలిన అయిదు కిలోల కట్టె ఇచ్చు వేడిలో ఆరవ ఏడవ వంతు ఖర్చగును. అంతకంటె నష్టము మఱొకటి: మంట చల్లబడి, కట్టెనుండి లేచిన ఆవిరులు తగులబడక పొగయై, మసియై పోవును. పొగ యనగా కాలని కట్టెయే. ఊదుగొట్టముతో ఊదుచు ఆమె కన్నీరు కార్చుచున్నప్పుడు, ఇంటి యజమాని కొన్న కట్టె గాలిలో పోవుచున్నదని గ్రహింపవలెను. సర్కారుతుమ్మను వేసవికి ముందు నరికి, బొటనవ్రేలి లావున చీల్చి, వానకు తడియకుండ పేర్చుకొన్నచో సగము పొగ పొయ్యి కట్టకమునుపే పోవును. పత్తికట్టె గప్పున మండి ఆరిపోవును. అంటించుటకు మంచిది, అన్నము ఉడికించుటకు చాలదు. సాగరు కాలువ నీరు వచ్చి మాగాణి పెరిగినప్పటినుండి ఊకకు కొదువ లేదు గాని, ఈ పొయ్యిలో ఊక పోసినచో గాలి ఆడక కమ్మును. దానికి వేరు పొయ్యి కలదు. పాలిథిన్ సంచులతో నిప్పంటించు క్రొత్త అలవాటును మాత్రము ఇల్లిల్లు మానవలెను. ఆ పొగ కట్టెపొగను మించిన విషము.

పొయ్యి వేడి వృథాపోకుండ రెండవ బొక్కను ఎన్నడును తెరచి ఉంచరాదు; వేరు పని లేనప్పుడు నీళ్ళగిన్నె పెట్టవలెను. గొట్టపు అడుగున ఒక చిన్న కన్నముంచి, రాయితో మూసి, పక్షమునకొకసారి మసి తీయవలెను. ఆ పని మగవారిది. మసి తీయుటకు పొడవైన కఱ్ఱ, ఎక్కుటకు నిచ్చెన కావలెను గదా. పొయ్యి బాగున్నదా లేదా అని తెలియుటకు యంత్రములతో పనిలేదు. వంట మొదలిడిన కొంతసేపటికి ఒక అగరువత్తి వెలిగించి పొయ్యి నోటియొద్ద పట్టవలెను. దాని పొగ లోనికి వంగి పోయినచో గొట్టము సరిగా లాగుచున్నది. బయటకు తిరిగి వచ్చినచో ఆ సాయంకాలమే నిచ్చెన వేయవలెను.