మామ్మ మందుల చీటీ



ద్రాక్షారామంలో ఒక మామ్మ ఉందనుకోండి. ఆమెకు షుగరు. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లింది. చీటీ ఇంట్లో మరిచిపోయింది. “ఏ మందు వాడుతున్నారమ్మా?” అని డాక్టరు అడిగారు. “తెల్ల బిళ్ల బాబూ!” అంది. తెల్ల బిళ్లలు ఎన్ని లేవు?

ఇలాంటి ఇబ్బంది తీరాలని కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ఒక పథకం మొదలుపెట్టింది. అందులో మనిషికి 14 అంకెల ‘ఆభా’ నంబరు ఇస్తారు. తీసుకోవడం మన ఇష్టం. ఆసుపత్రి మన వివరాలు దానికి కలిపితే వేరే ఊరి డాక్టరు కూడా చూడగలరు. అదీ మనం ఒప్పుకుంటేనే.

ఫోనులో అనుమతి అడిగితే చదవండి. ఎవరు చూస్తారు? ఏం చూస్తారు? ఎన్నాళ్లు? తెలిశాకే సరే అనండి.

వివరాలు కలపకపోతే నంబరులో ఏమీ కనబడదు. అందుకే చీటీ పారేయకండి. మందు పేరు పైకి చదవండి. మామ్మకూ వినిపించండి.