ముస్తాబైన అక్షరం

తాండూరు కందిపప్పు అమ్మేవాళ్లు, వికారాబాద్ అనంతగిరిలో గదులు అద్దెకిచ్చేవాళ్లు కొందరు వాట్సాప్‌లో పేరును వంపుల ఇంగ్లీషు అక్షరాల్లో పెడుతుంటారు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ అవి మామూలు అక్షరాలు కావు. గణితం కోసం 2001లో యూనికోడ్‌లో చేర్చిన గుర్తులు. చూపులేనివారికి ఫోన్ చదివి వినిపిస్తుంది కదా? ‘టి’ అనాల్సిన చోట ‘మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్ క్యాపిటల్ టి’ అనొచ్చు. ప్రతి అక్షరానికీ అదే పాట! ఒక్కోసారి అసలు పలకనే పలకదు. పాత ఫోన్లలో ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఆ పేరు వెతికినా కొన్నిచోట్ల దొరకదు. అందుకే పేరు మామూలు అక్షరాల్లోనే రాయండి. మళ్లీ చెబుతున్నా, మామూలు అక్షరాల్లోనే. సోకులన్నీ దుకాణం ఫొటో మీద చేసుకోండి. లెక్కల మాస్టార్లకు మాత్రం మినహాయింపు. వాస్తవ సంఖ్యల సమితికి జోడుగీతల ‘ఆర్’ వాళ్లకు కావాల్సిందే.