లోపలికి వెళ్లాలంటే ఏం చదవాలి?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఉపాధ్యాయులుగా మేము చెప్పేవి రెండే విషయాలు. మీ సహాయంతో ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, వాళ్లలో ఎంతమంది పాసయ్యారు. ఆ లెక్కలు కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి కాబట్టి ఈసారి వాటి జోలికి పోము. ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న గురించి మాట్లాడతాం. ఆ ప్రశ్నకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాం. తర్వాత వెతుక్కున్నాం. దొరికినదేమిటో మీ ముందు పెట్టడం మా బాధ్యత అనుకుంటున్నాం.

పోయిన ఏడాది మీరిచ్చిన ప్రయాణ ఖర్చులతో మా హైస్కూలు పిల్లల్ని హైదరాబాదు తీసుకెళ్లాం. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా ప్లానెటేరియం చూపించాం. చివరి రోజు రాయదుర్గంలో టీ-హబ్ దగ్గరికి తీసుకెళ్లాం. మా పాత విద్యార్థి ఒకతను అక్కడ ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాడు. అతని సాయంతో కొంతసేపు లోపల తిరిగి చూశాం. బయటికొచ్చాక తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఆ భవనం వైపు తలెత్తి చూస్తూ అడిగాడు: "సార్, ఇందులోకి రావాలంటే ఏం చదవాలి?"

"ఇంజినీరింగ్ చదవాలి నాయనా" అన్నాం, అలవాటు కొద్దీ.

"మా అన్న ఇంజినీరింగే కదా సార్ చదివాడు. ఇప్పుడు పార్సిళ్లు డెలివరీ చేస్తున్నాడు."

మా దగ్గర మాట లేదు. ఆ అన్నకు మూడేళ్లు పుస్తకాల ఖర్చు ఇచ్చింది మన సొసైటీయే. మా రిజిస్టరులో అతని పేరు పక్కన 'పాస్' అని రాసి ఉంది.

ముందు టీ-హబ్ అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. కోళ్ల ఫారాల్లో గుడ్లు పొదిగే యంత్రం ఉంటుంది కదా, దాన్ని ఇంక్యుబేటర్ అంటారు. కొత్త ఆలోచనతో మొదలైన చిన్న కంపెనీలను, అంటే స్టార్టప్‌లను, అలా పొదిగే సంస్థ ఇది. 2015 నవంబరు 5న గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఆవరణలో రతన్ టాటా చేతుల మీదుగా మొదలైంది. తెలంగాణ ప్రభుత్వంతో పాటు ట్రిపుల్ ఐటీ, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇందులో భాగస్వాములు. ఆ రోజుల్లో నల్సార్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్నది అలీగఢ్‌లో చదువుకున్న ఫైజాన్ ముస్తఫా గారు. 2022 జూన్ 28న ఇప్పటి పెద్ద భవనం ప్రారంభమైంది. అక్కడ స్టార్టప్‌కు దొరికేది కూర్చునే చోటు ఒక్కటే కాదు. అనుభవజ్ఞుల సలహా, పెద్ద కంపెనీలతో పరిచయం, పెట్టుబడిదారుల దగ్గరికి దారి దొరుకుతాయి. అసలు విలువ ఈ మూడింటిదే.

ఊరికి వచ్చాక మేము ఒక పని పెట్టుకున్నాం. ఇలాంటి సంస్థలను నడిపించే బోర్డుల్లో, సలహా పదవుల్లో కూర్చున్న వ్యాపారవేత్తలు ఎక్కడ చదివారు, చదివాక ఏం చేశారు, ఏ వయసులో సొంత కంపెనీ పెట్టారు అని చూశాం. వాళ్లు వచ్చిన దారి తెలిస్తే పిల్లవాడికి జవాబు దొరుకుతుందని మా ఆశ.

మొదట బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి గారు. టీ-హబ్ తొలి బోర్డు సభ్యుల్లో ఒకరు. ఆయన ఇంజినీరింగ్ చదివింది కాకినాడ ప్రభుత్వ కళాశాలలో, మెకానికల్ బ్రాంచిలో. తర్వాత ఐఐటీ కాన్పూర్, ఆ తర్వాత అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయం. చదువు అయిపోగానే కంపెనీ పెట్టలేదు. ఏళ్ల తరబడి వేరేవాళ్ల కంపెనీల్లో ఉద్యోగాలు చేశారు. 1991లో, నలభై ఏళ్లు దాటాక, హైదరాబాదులో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ మొదలుపెట్టారు. ఇంజినీరింగ్ డ్రాయింగులను కంప్యూటర్ మీదికి ఎక్కించడం దాని తొలి పనుల్లో ఒకటి. ఆ కంపెనీయే 2014 నుంచి సైయెంట్. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ నలభై ఏళ్ల మాట దయచేసి గుర్తుంచుకోండి. మన పిల్లవాడు ఇరవై రెండేళ్లకు డిగ్రీ పట్టా తెస్తాడు. ఇరవై మూడేళ్లకు ఏమీ కాకపోతే "చదివించి ఏం లాభం" అంటాం.

రెండోవారు శ్రీని రాజు గారు. ఆయన కురుక్షేత్ర రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివారు. ఉన్నత చదువు అమెరికాలోని యూటా రాష్ట్రంలో. అంటే ఇళ్లూ రోడ్లూ కట్టే చదువు. అలాంటి చదువు చదివిన మనిషి 1994లో డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సత్యం సాఫ్ట్‌వేర్ అనే కంపెనీకి తొలి అధిపతి అయ్యారు. అదే తర్వాత కాగ్నిజెంట్. పిల్లల్ని చేర్పించేటప్పుడు "కంప్యూటర్ బ్రాంచి రాలేదు, ఇక వీడి పని అయిపోయింది" అనే తల్లిదండ్రులకు మేము ఈ సంగతి చెబుతున్నాం. తర్వాత ఆయన పెట్టుబడుల వైపు వెళ్లారు. మన రాష్ట్రంలో తడ దగ్గరున్న శ్రీసిటీ పారిశ్రామిక వాడ వెనుక ఉన్నవారిలో ఆయన ఒకరు.

మూడోవారు శశి రెడ్డి గారు. ఐఐటీ ఢిల్లీలో ఇంజినీరింగ్, అమెరికాలోని వార్టన్‌లో పీహెచ్‌డీ. 2001లో యాప్‌ల్యాబ్స్ పెట్టారు. ఇతర కంపెనీలు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి ఇవ్వడం దాని పని. మా ఉపాధ్యాయుల భాషలో చెప్పాలంటే పేపర్లు దిద్దడం. ఎవరూ గొప్పగా చూడని పనిని ఒక పెద్ద కంపెనీగా పెంచారు. 2011లో సీఎస్‌సీ అనే అమెరికా సంస్థ దాన్ని కొనుక్కుంది. ఆ తర్వాత ఆయన కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టడం మీద దృష్టి పెట్టారు.

నాలుగోవారి కథ పిల్లలకు బాగా నచ్చింది. ఫణీంద్ర సామ గారు 2018లో తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ అయ్యారు. బిట్స్ పిలానీలో చదివి, బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉద్యోగం చేసేవారు. 2005 దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగారు. దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఒక్కచోట తెలిసే ఏర్పాటు ఎందుకు లేదని ఆలోచించారు. ఇద్దరు స్నేహితులతో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టారు. వాళ్లు ముగ్గురూ ఇంజినీర్లు, వ్యాపారం తెలియదు. బెంగళూరులో టై అనే వ్యాపారవేత్తల సంఘంలోని పెద్దలు వాళ్లను కూర్చోబెట్టుకుని లెక్క నేర్పారు, దారి చూపారు. 2013లో ఆ కంపెనీని ఇబిబో గ్రూపు కొన్నది.

టికెట్ దొరకని కష్టం మనలో ఎవరికి లేదు? పండగకు ఊరికి రాలేక బస్టాండులో పడుకున్నవాళ్లు ఈ సభలోనే ఉంటారు. కష్టం అందరిదీ. ఆ కష్టాన్ని పనిగా మార్చుకోవడానికి పక్కన కూర్చుని నేర్పే మనిషి దొరకడం మాత్రం కొందరికే.

చివరిగా ఒకరు. 2025లో మన మంగళగిరిలో రతన్ టాటా పేరుతో ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. విశాఖపట్నం, రాజమహేంద్రవరం, తిరుపతి, అనంతపురం వంటి చోట్ల దానికి ప్రాంతీయ కేంద్రాలు. అంటే ఇక ఇది హైదరాబాదు వాళ్ల విషయం మాత్రమే కాదు, మన గుమ్మం ముందుకు వచ్చింది. టాటా గ్రూపు అధిపతి ఎన్. చంద్రశేఖరన్ గారు 2024 నుంచి మన రాష్ట్ర ఆర్థికాభివృద్ధి టాస్క్‌ఫోర్స్‌కు సహాధ్యక్షులు కూడా. ఆయనది తమిళనాడులో నామక్కల్ దగ్గర మోహనూర్ అనే ఊరు. వ్యవసాయ కుటుంబం. చదివింది ప్రభుత్వ బడిలో, తమిళ మాధ్యమంలో. తర్వాత తిరుచిరాపల్లి రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలో ఎంసీఏ. 1987లో టీసీఎస్‌లో చేరి, అదే కంపెనీకి 2009లో అధిపతి అయ్యారు. 2017లో మొత్తం టాటా గ్రూపుకు. మాతృభాషలో చదివితే పైకి రాలేమని భయపడే మా పిల్లలకు ఈ ఒక్క జీవితం చాలు.

ఇప్పుడు ఈ జీవితాలను పక్కపక్కన పెట్టి చూడండి. వీళ్లంతా పేదరికం నుంచి వచ్చారని మేము చెప్పడం లేదు. అది నిజం కాదు. వీళ్లు తెలివైనవాళ్లు కారనీ చెప్పడం లేదు. 1991 తర్వాత దేశంలో వచ్చిన మార్పులూ కలిసొచ్చాయి. అయినా వీళ్ల దారిలో మూడు మెట్లు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి.

మొదటి మెట్టు, మంచి కాలేజీలో చదువు. ఎక్కువమంది చదివినవి ప్రభుత్వ సొమ్ముతో నడిచినవే. ప్రభుత్వ కళాశాలలు, ఐఐటీలు, ఇప్పుడు ఎన్‌ఐటీలని పిలుస్తున్న రీజనల్ కాలేజీలు. రెండో మెట్టు, పట్టా వచ్చాక వేరేవాళ్ల దగ్గర పని నేర్చుకున్న ఏళ్లు. తప్పులు చేసినా కంపెనీ భరించింది, జీతం మాత్రం వచ్చింది. మూడో మెట్టు, "ఈ కుర్రవాడు పనికొస్తాడు, ఒకసారి వినండి" అని చెప్పే మనిషి.

మన సొసైటీ మొదటి మెట్టు దగ్గర నిలబడి పిల్లలకు చెయ్యి అందిస్తోంది. అల్‌హమ్దులిల్లాహ్, అది చిన్న పని కాదు. కానీ రెండో మెట్టు దగ్గరా, మూడో మెట్టు దగ్గరా మనం ఎవరమూ లేము.

ఇందులో మా తప్పు కూడా ఉంది, చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా దగ్గర చదివి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసిన ఒక కుర్రవాడు ఉన్నాడు. తండ్రిది వెల్డింగ్ పని. పొలంలో బోరు మోటారు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోకుండా దానంతటదే ఆగిపోయే చిన్న పెట్టె తయారు చేశాడు. మార్కెట్లో అలాంటివి ఉన్నా, తనది చాలా తక్కువ ఖర్చులో చేశాడు. మా బడి సైన్స్ ఫెయిర్‌కు పిలిచి శాలువా కప్పాం, ఫొటో దిగాం, చప్పట్లు కొట్టాం. అతను ఆ పెట్టె పట్టుకుని ఒక ఆఫీసుకు నాలుగుసార్లు వెళ్లాడట. ప్రాజెక్టు రిపోర్టు ఇంగ్లీషులో తెమ్మన్నారు, తెలిసినవాళ్ల చేత చెప్పించమన్నారు. అయిదోసారి వెళ్లలేదు. ఇప్పుడు మోటారు వైండింగ్ షాపు పెట్టుకుని కాలిపోయిన మోటార్లకు తీగ చుడుతున్నాడు. నిజాయితీగా బతుకుతున్నాడు, అది గౌరవమే. కానీ ఆ రోజు శాలువా కప్పిన మేము ఒక్కరమైనా ఆ రిపోర్టు రాసిపెట్టి, పక్కన నడిచి వెళ్లి ఉంటే?

అతన్ని ఈ మధ్య కలిసి అడిగాం. "అప్పుడు నన్ను లోపలికి తీసుకెళ్లే మనిషి లేడు మాస్టారూ" అన్నాడు. తొమ్మిదో తరగతి పిల్లవాడి ప్రశ్నకు జవాబు మాకు అక్కడ దొరికింది. లోపలికి వెళ్లడానికి చదువు కావాలి. దాంతో పాటు తీసుకెళ్లే మనిషీ కావాలి.

కాబట్టి దాతలను మేము కోరేవి మూడు.

ఒకటి. ఏటా ఇచ్చే సహాయంలో కొంత భాగాన్ని డిగ్రీ, డిప్లొమా చివరి ఏడాది పిల్లల కోసం విడిగా పెట్టండి. కంపెనీల్లో మొదట్లో శిక్షణగా చేసే ఇంటర్న్‌షిప్‌లకు చాలాచోట్ల జీతం ఉండదు, ఉన్నా గది అద్దెకు చాలదు. ఇంట్లో ఆసరా ఉన్న పిల్లవాడు ఆ ఆరు నెలలు నిలబడతాడు. మనవాడు మూడో వారానికే తిరిగొచ్చి డెలివరీ బండి ఎక్కుతాడు. ఆ ఆరు నెలల గది అద్దె, భోజనం ఖర్చు మనం పెడదాం.

రెండు. డబ్బు కాకుండా మీ సమయం ఇవ్వండి. ఈ హాలులో ఆటోనగర్‌లో వర్క్‌షాపులు ఉన్నవాళ్లు ఉన్నారు, మిర్చి ఎగుమతి చేసేవాళ్లు ఉన్నారు, గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ ఉద్యోగాలు చేస్తున్న పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్క విద్యార్థిని తీసుకోండి. నెలకు ఒక గంట ఫోన్ చాలు. ఇంటర్వ్యూకి ఎలా వెళ్లాలి, బ్యాంకులో ఎలా మాట్లాడాలి, లెక్క ఎలా రాయాలి. మీకు ఇవి చిన్న విషయాలు. ఆ పిల్లవాడి ఇంట్లో అవి చెప్పేవారు ఒక్కరూ లేరు.

మూడు. మా రిజిస్టరు మార్పించండి. 'పాస్' దగ్గర మేము లెక్క ఆపేస్తున్నాం. ఆ తర్వాత అయిదేళ్లు ప్రతి పిల్లవాడి సంగతి కనుక్కుని రాసే పని ఉపాధ్యాయులమైన మేము జీతం లేకుండా చేస్తాం. ఆ పుస్తకాన్ని ఏటా ఇదే సభలో తెరిచి చూడమని మిమ్మల్ని కోరుతున్నాం. అందులో కనిపించేది సంతోషమైనా సిగ్గైనా అందరం కలిసే చూద్దాం.

వైండింగ్ షాపు కుర్రవాడిని వదిలిపెట్టలేదని కూడా చెప్పాలి. అతని పెట్టె గురించి ఇంగ్లీషు రిపోర్టు మా సైన్స్ టీచరు రాశారు. మంగళగిరి హబ్‌కు అతనితో పాటు మేమూ వెళ్లబోతున్నాం. ఏమవుతుందో అల్లాహ్‌కే తెలుసు. ఈసారి మాత్రం అతను ఒంటరిగా వెళ్లడు.