మన జబ్బు మాటలు మనకు తెలియాలి



విరేచనంలో రక్తం పడుతోందని నోరు తెరిచి చెప్పడమే మన ఆడవాళ్లకు కష్టం. చెప్పినా 'మొలలు' అంటారు. రక్తం తక్కువైందంటే 'బహిష్టుల్లో పోతోంది' అంటారు. నాకు తెలిసిన ఒక బీడీ కార్మికురాలు రెండేళ్లు మొలల మందే వాడింది. మలద్వారం గుండా గొట్టం పంపి పెద్దపేగు చూసే కొలనోస్కోపీ చేశాకే పేగుపూత అని తేలింది. అందుకే ఈ జబ్బు చుట్టూ వినిపించే మాటలు కొన్ని విప్పి చెబుతాను.

మాట చివర 'ఐటిస్' ఉంటే ఆ భాగం వాచిందని అర్థం. కొలైటిస్ అంటే పెద్దపేగు వాపు. పుండ్లు కూడా పడితే అల్సరేటివ్ కొలైటిస్. క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. 1932లో దాన్ని వివరించిన న్యూయార్క్ డాక్టర్లలో ఒకరి పేరే దానికి పెట్టారు. ఈ రెండిటినీ కలిపి ఐబిడి అంటారు. ఇవి అంటుకునేవి కావు, కంచం వేరు పెట్టక్కర్లేదు.

ఐబిఎస్ వేరు. అందులో నొప్పి, విరేచనాలు ఉంటాయి గానీ పేగులో పుండ్లు పడవు. రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలో లేచి పరిగెత్తాల్సి వస్తున్నా 'టెన్షన్ వల్లే' అంటే ఊరుకోవద్దు.

బయాప్సీ అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. కాన్సర్ అని బెదిరిపోనక్కర్లేదు. మన దేశంలో పేగు క్షయ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. తేల్చుకోకుండా స్టెరాయిడ్లు వాడితే క్షయ ముదురుతుంది.

క్రానిక్ అంటే ముదిరిందని కాదు, చాలాకాలం ఉండేదని. రెమిషన్ అంటే జబ్బు అణిగిందని, పోయిందని కాదు. బాగుందని మందులు మీకు మీరే మానొద్దు. స్టెరాయిడ్లయితే ఒక్కసారిగా అసలే ఆపకూడదు.

ఈ జబ్బుందని కోడలిని పుట్టింటికి పంపేవాళ్లున్నారు. జబ్బు అణిగి ఉన్నప్పుడు గర్భం దాల్చి, పిల్లల్ని కన్నవాళ్లు ఎందరో ఉన్నారు. అయితే మెతోట్రెక్సేట్ లాంటి మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

ఇక హక్కు సంగతి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. కాబట్టి ఆస్పత్రికి తోడు వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడిగించండి: జబ్బు పేరేమిటి? ఏ పరీక్షతో తేలింది? మందు ఎంతకాలం? జవాబులు తెలుగులో రాయించుకుని, ఆ కాగితం ఆమె చేతికే ఇవ్వండి.